నాలుగో సిలిండరు

ఒనోఫ్రే మాయెస్తాస్ తాళంచెవి జోలికి పోలేదు. ముందు పెట్రోలు ట్యాంకు మూత తీశాడు. ఆ రంధ్రం దగ్గరికి ముఖం వంచి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. తొమ్మిదేళ్ళు కదలకుండా నిలవున్న పెట్రోలు పెట్రోలు వాసన వేయదు. పాత కుర్చీలకు పూసే వార్నీషు వాసన వేస్తుంది, చివర్లో కాస్త పుల్లగా. ఇదీ అంతే. అతను మూత పక్కన పెట్టి, కారు కిందికి దూరి, ట్యాంకు అడుగున ఉన్న మరను స్పానరుతో వదులు చేశాడు. బాగా మరిగిన టీ రంగులో ఉన్న ద్రవం ధారగా రేకు బకెట్లోకి దిగింది.

సోమవారం నుంచి రోజూ ఈ షెడ్డుకే వస్తున్నాడు. బడి బస్సుల గ్యారేజీలో పని ముగిశాక సాయంత్రాలు నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు కొత్తవి వేశాడు. టైర్లు మార్చాడు. బిస్కెట్టులా విరిగిపోతున్న రబ్బరు గొట్టాలన్నీ తీసి కొత్తవి తొడిగాడు. బుధవారం ఆరు స్పార్క్ ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కో రంధ్రంలో రెండేసి చెంచాల పలచని నూనె పోసి, గుడ్డ కప్పి వెళ్ళాడు. ఇంజను మొండికేసి బిగుసుకుపోయి ఉంటే బలంతో పని జరగదు. నూనె, ఓపిక, రెండూ సమానంగా పోయాలి. ఇప్పుడు శనివారం పొద్దున. ఇక ఇంజను ఒక్కటే మిగిలింది.

ఆ షెడ్డు మట్టి ఇటుకలది, రేకుల కప్పు. మధ్యలో ఆ కారు, పంతొమ్మిది వందల యాభైమూడు నాటి షెవర్లె. కింద ముదురాకుపచ్చ, పైన మీగడ రంగు. దుమ్ము ఎంత మందాన పేరుకున్నా, ముందు బంపరు మీద చేత్తో ఒకసారి రాస్తే కింద అద్దంలా మెరుపు కనిపిస్తోంది. మే నెల. కాలువ గట్టున కాటన్‌వుడ్ చెట్లు దూది వదులుతున్నాయి. తెరిచిన తలుపులోంచి ఆ దూది లోపలికి వచ్చి కారు చుట్టూ మెల్లగా దొర్లుతోంది.

ఒనోఫ్రేకి అరవై నాలుగేళ్ళు. సన్నటి మనిషి, కాస్త వంగిన వీపు. కుడిచేతి చూపుడువేలికి సగమే గోరుంది; మిగతా సగం ముప్పై ఏళ్ళ కిందట ఒక ఫ్యాను బెల్టు తీసుకుపోయింది. ఎస్పన్యోలా ఊరి చుట్టుపక్కల పాతకార్ల పిచ్చి లేని ఇల్లు ఉండదు. ఆదివారం వస్తే చాలు, రంగులు, క్రోము, ముందు చక్రాలు గాల్లోకి ఎగరేసే బండ్లు పెద్దరోడ్డు మీద ఊరేగుతాయి. ప్రదర్శనల్లో ప్రతి కారు ముందూ ఒక అట్ట పెడతారు. రంగు వేసినవాడెవరు, సీట్లు కుట్టినవాడెవరు, బానెట్ మీద దేవమాత బొమ్మ గీసినవాడెవరు, అన్నీ రాసి ఉంటాయి. దాన్ని నిద్ర లేపినవాడి పేరు ఏ అట్ట మీదా ఉండదు. దాని గురించి ఒనోఫ్రే ఎప్పుడూ బాధపడలేదు. "బండి స్టార్టయితే నేనెవరికీ గుర్తుండను. కాకపోతేనే గుర్తొస్తాను. గుర్తు రాకపోవడమే నా పనితనం" అనేవాడు.

ఇంటావిడ ఒర్లిందా రెండు కప్పుల కాఫీతో వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, కానీ భుజాలు వెడల్పు. పద్నాలుగో నంబరు బడి బస్సు స్టీరింగు ఇరవై ఆరేళ్ళు తిప్పిన భుజాలవి. నెరిసిన జడ వెనక్కి వేసుకుంది.

"ఇంకా తాళం తిప్పలేదా?"

"తొమ్మిదేళ్ళు పడుకున్నదాన్ని జుట్టు పట్టుకుని లేపుతామా, దొన్యా?"

గ్యారేజీలో అందరూ ఆమెను అలాగే మర్యాదగా పిలిచేవారు. ఆమె ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయినా అతని నోటికి ఆ పిలుపే అలవాటు.

"ఫాకుండో అయితే తిట్టి లేపేవాడు" అంది ఒర్లిందా.

"ఆయన బండినెప్పుడూ తిట్టలేదు. మనల్నే తిట్టేవాడు."

ఆమె గట్టిగా నవ్వింది. ఫాకుండో ఆమె భర్త. కొండమీది ప్రయోగశాలలో వడ్రంగి. వారమంతా చెక్క పొట్టులో తిరిగి, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ఈ కారు బయటికి తీసేవాడు. ముందు గుడికి, తర్వాత పెద్దరోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి, అడుగులో అడుగేసినట్టు. ముప్పై ఏళ్ళు ఒర్లిందా అతని పక్కసీట్లో కూర్చుంది. యాభైమంది పిల్లల్ని మంచు పట్టిన ఘాటురోడ్ల మీద రోజూ భద్రంగా దించివచ్చే మనిషిని అతను ఒక్కసారి కూడా ఈ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. "బస్సు వేరు, ఇది వేరు" అనేవాడు. పక్షవాతం వచ్చి పడిపోయాక రెండేళ్ళు మంచంలో ఉండి, కిటికీలోంచి షెడ్డు తలుపు చూస్తూ పోయాడు. ఆ తలుపు మొన్న సోమవారం దాకా అలా మూసే ఉంది, మధ్యలో ఒక్క శనివారం తప్ప.

ఆ ఒక్క శనివారం సంగతి పది గంటలకు దానంతటదే నడిచి వచ్చింది. ఫాకుండో తమ్ముడి కొడుకు మెలా. నలభై అయిదేళ్ళవాడు, ముందుకొచ్చిన బొజ్జ, ముంజేతి మీద పచ్చబొట్టు, ఎప్పుడూ నవ్వే మొహం. కిందటి వారం అతను పెద్దమ్మకు చెప్పకుండా తన ట్రక్కు తెచ్చి, కేబుళ్ళు తగిలించి, ఈ కారు లేపబోయాడు.

"ఏం మామా, ఇంకా ముక్కుతోనే రిపేరా?"

"నీ చెయ్యి పడ్డాక ముక్కుతోనే మొదలుపెట్టాలి మరి. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టావు?"

"నాలుగైదు సార్లు..."

"పావుగంట కొట్టాడు" అంది ఒర్లిందా. "నా కోళ్ళు రెండ్రోజులు గుడ్లు పెట్టలేదు."

"అది కాదు పెద్దమ్మా, నా ట్రక్కు బ్యాటరీ పన్నెండు వోల్టులది. దీనిది ఆరు. రెట్టింపు బలం పెడితే లేస్తుందనుకున్నా."

"ముసలివాళ్ళకి రెట్టింపు అన్నం పెడితే రెట్టింపు బలం వస్తుందా?" అన్నాడు ఒనోఫ్రే, బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే.

గాలి వడకట్టే డబ్బా విప్పితే లోపల ఎలుక గూడు. సీటులోంచి పీకిన దూది, గడ్డిపరకలు, ఫాకుండో ఎప్పుడో పారేసిన సిగరెట్టు పెట్టె ముక్కలు. అన్నీ చేత్తో తీసి పడేశాడు. కార్బురేటరు ఊడదీసి ఒక తెల్లగుడ్డ మీద ముక్కముక్కలుగా పరిచాడు. సన్నటి రంధ్రాల్లో జిగురు గట్టిపడి ఉంది. రాగి తీగతో ఒక్కోదాన్ని తెరిచి, కిరోసిన్లో కడిగి, నోటితో ఊది, వెలుతురుకు ఎత్తి చూశాడు. పెట్రోలు పంపు గాజుగిన్నె అడుగున ఎర్రటి మడ్డి. అదీ కడిగాడు. పంపు లోపలి తోలుపొర ఎండి బీటలు వారింది. కొత్తది వేశాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు బూజు పట్టినట్టు నల్లబడి ఉన్నాయి; వాటి మధ్య సన్నటి ఆకురాయి రెండుసార్లు ఆడించి, తర్వాత ఒక శుభ్రమైన అట్టముక్క పెట్టి లాగాడు. అట్ట మీద నల్లగీత పడింది. మళ్ళీ లాగాడు. ఈసారి గీత పడలేదు.

మెలా పక్కన నిలబడి చూస్తున్నాడు. తన సొంత కారుతో ప్రదర్శనల్లో మూడు కప్పులు గెలిచాడు. కానీ దాని ఇంజను సంగతి అతనికి తెలియదు. అదీ ఒనోఫ్రే పనే.

"నువ్వు లోపల కూర్చో" అన్నాడు ఒనోఫ్రే అతనితో. "నేను చెప్పినప్పుడు తాళం తిప్పు. చెప్పినంతసేపే. అంతకుమించి ఒక్క క్షణం తిప్పావంటే ఆ తాళంచెవి నీ చేత మింగిస్తా."

కొత్త ఆరు వోల్టుల బ్యాటరీ తగిలించాడు. స్పార్క్ ప్లగ్గులు ఇంకా బిగించలేదు. మొదటి రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి "ఊఁ" అన్నాడు. ఇంజను బరువుగా తిరిగింది. లోపలి నుంచి గాలి వచ్చి వేలిని తన్నింది. బాగుంది. రెండోది తన్నింది. మూడోది తన్నింది. నాలుగో రంధ్రం మీద వేలు పెట్టాడు.

ఏమీ లేదు. మళ్ళీ తిప్పించాడు. నిద్రపోయే పసిబిడ్డ ముక్కు దగ్గర వేలు పెడితే తగిలేంత గాలి కూడా లేదు. అయిదు, ఆరు బాగానే తన్నాయి.

ఇంజను పైకప్పు విప్పాడు. రెండు వరసల స్ప్రింగులు నూనె జిడ్డుతో మెరుస్తూ బయటపడ్డాయి. పన్నెండు వాల్వుల్లో పదకొండు తలెత్తుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం కిందికి దిగి అక్కడే బిగుసుకుపోయింది. దాన్ని నొక్కే సన్నటి ఉక్కు రాడ్డు పక్కకు వాలి వేలాడుతోంది. ఒనోఫ్రే దాన్ని రెండువేళ్ళతో పైకి లాగాడు. కిటికీ పలక మీద పెట్టి దొర్లించాడు. తిన్నని రాడ్డయితే చప్పుడు లేకుండా దొర్లాలి. ఇది కుంటుకుంటూ టకటకమంటూ వెళ్ళింది. కంటికి కనపడనంత వంపు.

మెలా మొహంలో నవ్వు పోయింది. "నేనేనా, మామా?"

ఒనోఫ్రే ఒక క్షణం ఆలోచించాడు. "సగం నువ్వు. సగం తొమ్మిదేళ్ళు."

ముందు ఆ సిలిండరు పిస్టన్ను కిందికి దించాడు, వాల్వు కదిలితే దానికి తగలకుండా. వాల్వు కాడ చుట్టూ చుక్కచుక్కగా నూనె వదిలాడు. సుత్తిని తిరగేసి, దాని చెక్క పిడితో వాల్వు తల మీద కొట్టాడు, పిల్లవాడి వీపు తట్టినంత మెల్లగా. మళ్ళీ నూనె. మళ్ళీ తట్టడం. గంట గడిచింది. మెలా విసుగొచ్చి బయట కాలువలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఒనోఫ్రే చెయ్యి ఒకే వేగంతో ఆడుతూనే ఉంది. అతనికి తెలుసు, అది వదులుతుందని. ఎప్పుడన్నదే దాని ఇష్టం. పన్నెండు కావస్తుండగా స్ప్రింగు ఒక్కసారి "టక్" మని విడివడి వాల్వును పైకి తెచ్చింది. అతను నాలుగైదుసార్లు నొక్కి వదిలి చూశాడు. లేస్తోంది, దిగుతోంది.

"భోజనానికి రండి" అని పిలిచింది ఒర్లిందా.

వంటింట్లో బల్ల మీద పంది మాంసం వేసిన పచ్చిమిరప పులుసు, ఉడికించిన పింటో చిక్కుడు గింజలు, గుడ్డలో చుట్టిన వేడి రొట్టెలు. ఒనోఫ్రే రొట్టె తుంచి పులుసులో ముంచుతుండగా చూశాడు. గోడ మీద ఫోటోలు లేవు. వాటి స్థానంలో తెల్లటి చతురస్రాలు మాత్రం ఉన్నాయి.

"పెద్దమ్మా, వచ్చే ఆదివారం మేం సామాను తెచ్చుకోవచ్చా?" అన్నాడు మెలా నోటినిండా పెట్టుకుని. "పిల్లలు ఆ వెనక గది నాదంటే నాదని ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారు."

ఒనోఫ్రే చెయ్యి ఆగింది. "ఏ సామాను?"

"నీకు తెలీదా మామా? పెద్దమ్మ వెళ్ళిపోతోందిగా. ఉత్తరాన అంతోనీతో ఊరికి, తన చెల్లెలు ఆదెలా పిన్ని దగ్గరికి. ఆవిడా ఒంటరే, ఈవిడా ఒంటరే. ఇల్లు నాకిచ్చింది." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "బండి మాత్రం ఇవ్వనంటోంది" అన్నాడు.

"ఇల్లిచ్చాక బండి మీద కూడా కన్నెందుకురా నీకు?" అంది ఒర్లిందా.

"మూలనపడి ఉంది కదాని అడిగా."

"నేనూ మూలనే పడి ఉన్నాను. నన్నూ అడుగుతావా?"

మెలా నవ్వాడు. ఒనోఫ్రే నవ్వలేదు. "ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగాడు.

ఒర్లిందా రొట్టెల గుడ్డ మళ్ళీ మడిచింది. "ఇవాళే. అది లేస్తే." ఆమె అతని కళ్ళలోకి చూసే చెప్పింది. "ముందే చెప్పాల్సింది. చెప్తే నువ్వు రాత్రింబవళ్ళు కూర్చుని చేస్తావని చెప్పలేదు. ఆదెలాతో ఒకటే అన్నాను. నేను నడిపే బండిలో వస్తాను, అదీ ఈ బండిలోనే. ఎవరి పక్కసీట్లోనూ కూర్చుని రాను. లేవకపోతే ఇక్కడే ఉంటాను, నా ఖర్మ అనుకుంటాను."

"వంగినదాని బదులు ఇంకో రాడ్డు ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు?" అన్నాడు మెలా. "అంత పెద్ద ఆల్బుకర్కీలో కూడా ఉండదు. ఎక్కడినుంచో తెప్పించాలి. నెల పడుతుంది."

ఒనోఫ్రే పళ్ళెం ఖాళీ చేసి, రొట్టెముక్కతో తుడిచి తిని, లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్ళి చూసొస్తాను" అన్నాడు.

అతని ఇల్లు నది అవతల, రేకుల గోడల ట్రెయిలరు. పదిహేను నిమిషాల దారి. లోపల ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో గది తల్లిది. ఆమె పన్నెండేళ్ళు చూపు లేకుండా ఆ గదిలో బతికింది. వండిపెట్టడం, స్నానం చేయించడం, పేపరు చదివి వినిపించడం అన్నీ అతనే. ఆమె పోయేనాటికి అతనికి యాభై నాలుగు దాటాయి. పెళ్ళి గురించి అడిగేవాళ్ళు అప్పటికే అడగడం మానేశారు.

వెనక చిన్న షెడ్డులో గోడపొడుగునా కాఫీ డబ్బాలు. దేన్లో ఏముందో రాసి ఉండదు. అతను చీకట్లోనైనా తీయగలడు. పై అరలో ఎడమనుంచి నాలుగో డబ్బా. ఇలాంటిదే ఒక పాడైన ఇంజను విప్పినప్పుడు దాచిన రాడ్లు, పదకొండు. ఒకటి తీసి గాజుపలక మీద దొర్లించాడు. చప్పుడు లేకుండా వెళ్ళింది.

అతను దాన్ని మళ్ళీ డబ్బాలో వేసి, డబ్బాను అరలో పెట్టి, బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

ఇరవై ఆరు చలికాలాలు. తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి గ్యారేజీ తలుపు తీసేవాడు. పన్నెండు బస్సులు వరసగా గడ్డకట్టి ఉండేవి. మొదట పద్నాలుగో నంబరే లేపేవాడు. హీటరు వేసి, అద్దం మీద మంచు గీకి, సీటు మీద చెయ్యిపెట్టి వేడెక్కిందో లేదో చూసి, అప్పుడు మిగతా వాటి దగ్గరికి వెళ్ళేవాడు. అయిదున్నరకు ఒర్లిందా వచ్చేది. బస్సు ఎక్కబోయే ముందు బానెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించేది, కట్టుకొయ్య దగ్గర గుర్రం మెడ తాకినట్టు. ఎక్కి, అతనివైపు చెయ్యి ఎత్తి, వెళ్ళిపోయేది. అంతే. అతని రోజు అక్కడితో మొదలయ్యేది. చాలాసార్లు అక్కడితోనే పూర్తయినట్టుండేది.

ఆమె ఉద్యోగం మానేశాక శనివారాలు వచ్చాయి. ఆమె ఇంటి బోరుపంపు చెడేది. పొయ్యి గొట్టం పొగ కక్కేది. గేటు కీలు ఊడేది. ఫాకుండో పోయి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఆ ఇంట్లో చెడని వస్తువు లేదు. అతను బాగుచేయని వస్తువూ లేదు.

దొరకలేదని ఒక్కమాట అంటే చాలు. మెలాయే నమ్మేట్టు చెప్పిపెట్టాడు. ఎవరూ వచ్చి డబ్బాలు వెతకరు. నెల అన్నది నాలుగైదు నెలలవుతుంది. తర్వాత చలి వస్తుంది, ఘాటు మూసుకుపోతుంది. ఆమె ఖర్మ అనుకుంటుంది. శనివారాలు మిగులుతాయి.

మనుషులతో అతను చిన్నాచితకా అబద్ధాలు ఆడి ఉంటాడు. కానీ ఏ యంత్రం గురించీ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అది నీతి అని కూడా అనుకోలేదు. అలా చెప్తే తర్వాత దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాదని మాత్రం తెలుసు. అతను కళ్ళు మూసుకుని వచ్చే శనివారాన్ని ఊహించాడు. ఒర్లిందా షెడ్డులోకి వస్తుంది. ఆ ఆకుపచ్చ బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తుంది. అది చల్లగా ఉంటుంది. ఎందుకు చల్లగా ఉందో అతనొక్కడికే తెలుసు.

అతను లేచాడు. డబ్బా దించి, రాడ్డు తీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు చిన్నది కావడంతో రాడ్డు భుజం దాటి పైకి నిలిచింది. అలాగే ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడు.

"దొరికింది" అన్నాడు వాకిట్లోకి దిగుతూనే.

మెలా ఈల వేశాడు. "ముసలాయన దగ్గర లేని చెత్త లేదు!"

రాడ్డు దాని స్థానంలో కూర్చుంది. రాడ్డుకూ వాల్వుకూ మధ్య ఊగే రాకరు మీద సందు ఎంతుండాలో సన్నటి ఉక్కురేకు పెట్టి కొలిచి బిగించాడు. పైకప్పు వేశాడు. ప్లగ్గులు బిగించాడు. ట్యాంకులో కొత్త పెట్రోలు పోశాడు. రేడియేటరులో నీళ్ళు నింపాడు. చేతులు తుడుచుకుని, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మీరే తిప్పండి."

ఒర్లిందా ఆ సీటు వైపు ఒకసారి చూసింది. ఎక్కి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. ఫాకుండో పొడుగు మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ సీటు అతని కాళ్ళకు తగ్గట్టే ఉంది. అద్దం కూడా సరిచేసుకుంది. చోక్ లాగి, తాళం తిప్పింది.

ఇంజను రెండు చుట్లు తిరిగి, దగ్గి, ఆగింది.

"ఫరవాలేదు. మళ్ళీ."

ఈసారి వెనక సైలెన్సరులోంచి ఫట్ మని పేలి, ఎలుకలు అక్కడా దాచుకున్న గడ్డి ఇంత బయటికి ఎగిరింది. మెలా ఎగిరి పక్కకు దూకాడు. ఒర్లిందా నవ్వు ఆపుకోలేకపోయింది. మూడోసారి తిప్పింది. ఒక సిలిండరు అందుకుంది. రెండు. నాలుగు. నీలిపొగ షెడ్డునిండా కమ్ముకుంది. ఒనోఫ్రే పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి విన్నాడు. అయిదు వినిపిస్తున్నాయి. అతను కార్బురేటరు మరను పావుచుట్టు తిప్పాడు. నాలుగోది రెండుసార్లు తడబడి, కుదుటపడి, మిగతా అయిదింటితో కలిసిపోయింది. కుట్టుమిషను చప్పుడంత ఒద్దికగా నడవసాగింది. పొగ పలచబడింది.

"ఓరి నీ!" అన్నాడు మెలా. టోపీ తీశాడు.

"ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నాడు ఒనోఫ్రే. "బ్రేకులు నేను చూడకుండా పంపను."

అతను పక్కసీట్లో కూర్చున్నాడు. ఒర్లిందా బండిని వెనక్కి తీసి, వాకిలి దాటించి, రోడ్డెక్కించింది. గేర్లు ఎక్కడున్నాయో ఆమె వెతుక్కోలేదు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని చూసిన గేర్లవి. కాలువ వంతెన దగ్గర మెల్లగా బ్రేకు నొక్కింది, దిగుడులో గట్టిగా నొక్కింది. బండి తిన్నగా ఆగింది. మిరపతోటల పక్కనుంచి వెళ్తుంటే నీళ్ళు కట్టేవాళ్ళు పారలు ఆపి చూశారు. ఒకాయన టోపీ ఊపాడు. ఫాకుండో బండిని అందరూ గుర్తుపట్టారు. స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసేసరికి ఒక్కొక్కరూ మళ్ళీ తేరిపార చూశారు.

"బస్సు వేరు, ఇది వేరన్నాడు" అంది ఒర్లిందా. "ఏం వేరు? ఇది ఇంకా తేలిక."

"మీకు అన్నీ తేలికే."

ఆమె గేరు మార్చింది. తర్వాత రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అంది: "పన్నెండు బస్సులుండేవి. మిగతా పదకొండుమంది అద్దాల మీద మంచు వాళ్ళే గీక్కునేవాళ్ళు. నాకు తెలీదనుకున్నావా?"

ఒనోఫ్రే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "నా డ్యూటీ అది."

"డ్యూటీ అయితే పదకొండు బస్సులు కూడా గీకాలి."

అతను బయటికి చూశాడు. చెవులు ఎర్రబడటం అతనికే తెలుస్తోంది. కానీ సిగ్గు కంటే ఎక్కువగా, లోపల ఏదో సరిగ్గా కుదిరిన భావన. ఒక మర చివరి చుట్టు తిరిగి గట్టిగా కూర్చున్నట్టు.

"పంపు నిజంగానే చెడిపోయేదనుకున్నావా, ప్రతి శనివారం?" అందామె.

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె నవ్వడం లేదు. రోడ్డునే చూస్తోంది.

"వాషరు ఎవరో వదులు చేస్తున్నారని అనుమానం వచ్చింది" అన్నాడు చివరికి. "కోళ్ళేమో అనుకున్నా."

అప్పుడు ఇద్దరూ నవ్వారు, కళ్ళలో నీళ్ళు తిరిగేంతగా. ఆమె కొండ మలుపు దగ్గర బండి తిప్పి వెనక్కి తెచ్చింది.

"ఉండమని అనవేం?" అంది ఇల్లు కనపడుతుండగా.

ఒనోఫ్రే టోపీ సరిచేసుకున్నాడు. "అంటే ఉంటారేమోనని" అన్నాడు.

సామాను ఎక్కువేం లేదు. రెండు పెట్టెలు, గోడమీది ఫోటోలున్న అట్టపెట్టె, ఒక మూట ఎండుమిరపకాయలు, దుప్పట్లో చుట్టిన పొలాల దేవుడి బొమ్మ. మెలా అన్నీ సర్దాడు. పెద్దమ్మను వాటేసుకుని, ఏడుపు దాచుకోవడానికి డిక్కీ రెండుసార్లు మూశాడు.

ఒనోఫ్రే కిటికీ దగ్గర వంగి చెప్పాడు. "గంటకి నలభై అయిదు మైళ్ళ వేగం దాటొద్దు. దారిలో త్రెస్ పియెద్రాస్‌లో ఆపి నూనె చూడండి, కాస్త తాగుతుంది, భయపడకండి. నీళ్ళ డబ్బా వెనక పెట్టాను. చేరాక ఫోన్ చేయండి."

"ఇది మళ్ళీ మొరాయిస్తే?"

"మొరాయించదు."

"అంత గట్టిగా చెప్తున్నావు?"

"నేనే చేశాను కదా."

ఆమె తల ఊపింది. మొదటి గేరు వేసింది. నాలుగు గంటలు కావస్తోంది. పొద్దుండగానే చేరుతుంది. ఆకుపచ్చ కారు కాటన్‌వుడ్ల దూదిని రెండుపక్కలకీ లేపుతూ వాకిలి దాటింది. మలుపు తిరిగాక కనపడలేదు. ఒనోఫ్రే కదలకుండా నిలబడి విన్నాడు. రెండో గేరు. వంతెన చెక్కల మోత. మూడో గేరు. ఆ తర్వాత చాలాసేపు సన్నగా, ఎక్కడా తడబడకుండా, ఉత్తరం వైపు.

"అన్నీ బాగున్నాయా, మామా?" అన్నాడు మెలా మెల్లగా.

"బాగున్నాయి."

మెలా పెళ్ళాన్ని తీసుకొస్తానని వెళ్ళాడు. ఒనోఫ్రే పనిముట్లు ఒక్కోటి తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. పాత పెట్రోలు బకెట్టును ట్రక్కులోకి ఎక్కించాడు. సోమవారం తొమ్మిదో నంబరు బస్సుకి గేరుపెట్టె దించాలి, మనసులో అనుకున్నాడు. అంతోనీతోకి ఎనభై అయిదు మైళ్ళే. శనివారం పొద్దున బయల్దేరితే భోజనం వేళకి చేరొచ్చు. అక్కడ కూడా పంపులుంటాయి.

షెడ్డు తలుపు వేయడానికి వెళ్ళాడు. లోపల ఖాళీ. నేల మీద తొమ్మిదేళ్ళు దుమ్ము పడని నాలుగు గుంటలు, మధ్యలో నూనె మరక. ఎడమవైపు, డ్రైవరు తలుపు తెరుచుకున్న చోట, బండి నడపడానికి గట్టి బూట్లు వేసుకుంటూ ఒర్లిందా విడిచిన ఇంటి చెప్పులు ఉన్నాయి. నల్లటి గుడ్డవి, మడమల దగ్గర అరిగినవి, పక్కపక్కన సమంగా పెట్టి, వేళ్ళవైపు భాగం బండి ఎక్కే దిక్కుకి తిరిగి.